వెనక్కి ఎందుకు చూశాడు? ఆర్ఫియస్ కథ మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో ఆర్ఫియస్ అనే గ్రీకు గాయకుడి కథ ఒక పేజీలో వేశాం, దాని మీద వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ చూశాక ఈసారి కాలమ్ మొత్తం ఆ కథకే ఇచ్చేద్దాం అనిపించింది. కిందటిది చదవనివాళ్ల కోసం కథ టూకీగా చెప్పేసి ప్రశ్నల్లోకి వెళ్తాను.

ఆర్ఫియస్‌ది థ్రేస్, అంటే ఇప్పటి బల్గేరియా, దాని కింద గ్రీసు ఉత్తరపు కొస, టర్కీలో యూరప్ వైపున్న ముక్క కలిస్తే దాదాపు ఆ దేశం. తల్లి కలయొపీ, తొమ్మిదిమంది కళాదేవతల్లో ఒకామె. అతను లైర్ అనే తీగల వాయిద్యం మీటి పాడితే చెట్లు దగ్గరికి జరిగొచ్చేవట, క్రూరమృగాలు వచ్చి పక్కన పడుకునేవట. పెళ్లైన కొత్తలోనే భార్య యూరిడిసీ పాము కరిచి చనిపోతుంది. అతను ప్రాణాలతోనే పాతాళానికి దిగి అక్కడి రాజు హేడిస్, రాణి పెర్సెఫొనీ ఎదుట పాడతాడు, వాళ్లు కరిగిపోయి ఆమెని పంపడానికి ఒప్పుకుంటారు, షరతు ఒక్కటే: పైన వెలుగులోకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంకో నాలుగడుగుల్లో బయటపడతారనగా చూసేస్తాడు. ఆమె మళ్లీ చీకట్లోకి జారిపోతుంది. తర్వాత ఇంకే స్త్రీనీ దగ్గరికి రానివ్వకుండా తిరుగుతుంటే మద్యం దేవుడు డయొనైసస్ భక్తురాళ్లు కోపంతో అతన్ని ముక్కలు చేసేస్తారు, తెగిన తల హెబ్రస్ నదిలో పాడుతూనే కొట్టుకుపోయి లెస్బోస్ దీవికి చేరుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

అంత కష్టపడి వెళ్లి, పాతాళం రాజునే ఒప్పించి, చివర్లో వెనక్కి ఎందుకు చూశాడండీ? అసలు కారణం ఏంటి? నాకైతే చాలా కోపం వచ్చింది.
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

మీ కోపం న్యాయమైనదే. ఈ కథ మీద రెండు వేల ఏళ్లుగా కవులూ సంగీతకారులూ సినిమావాళ్లూ పడి కొట్టుకోవడానికి కారణం కూడా మీరడిగిన ఈ ప్రశ్నే అని నా నమ్మకం. కథ చెప్పినవాళ్లెవరూ అందరికీ సరిపోయే కారణం ఇవ్వలేదు, అక్కడ ఒక ఖాళీ ఉండిపోయింది, ప్రతి కాలంవాళ్లూ ఆ ఖాళీలో వాళ్ల జవాబు పెట్టుకుంటూ వచ్చారు.

మనకి వివరంగా దొరికిన పాత వర్షన్లలో ముఖ్యమైనవి రెండు, రెండూ రోమన్ కవులు లాటిన్‌లో రాసినవే. మొదటిది వర్జిల్‌ది, క్రీ.పూ. 29 నాటికి పూర్తయిన 'జార్జిక్స్' అనే వ్యవసాయ కావ్యంలో నాలుగో పుస్తకం. ఆ పుస్తకమంతా తేనెటీగల పెంపకం గురించి, ఆ తేనెటీగల మధ్యలో ఈ కథ వస్తుంది. అరిస్టియస్ అనే అతని తేనెటీగలన్నీ చచ్చిపోతాయి, ఎందుకిలా అయిందని ఆరా తీస్తే అతను యూరిడిసీ వెంటపడి తరిమాడనీ, ఆమె ఏటి గట్టున పరిగెడుతూ గడ్డిలో పామును చూసుకోలేదనీ, ఆ పాపమే తగిలిందనీ తేలుతుంది. వెనక్కి చూసిన క్షణం గురించి వర్జిల్ ఏమంటాడంటే, ప్రేమించినవాడికి ఉన్నట్టుండి ఒక పిచ్చి కమ్మింది, క్షమించదగ్గ పిచ్చే అది, క్షమించడమంటూ పాతాళానికి తెలిసుంటే. అంతకుమించి వివరణ లేదు. యూరిడిసీ మాత్రం ఊరుకోదు, నన్నూ నిన్నూ నాశనం చేసిన ఈ పిచ్చి ఏమిటి అని అతన్ని అడిగి మరీ వెళ్లిపోతుంది.

రెండోది ఓవిడ్‌ది, క్రీ.శ. 8 ప్రాంతంలో రాసిన 'మెటమార్ఫసెస్' పదో పుస్తకంలో. ఇక్కడ కారణం కొంచెం మెత్తగా ఉంటుంది: ఆమె ఎక్కడ ఓపిక తగ్గి ఆగిపోతుందో అన్న భయం, కళ్లారా చూసుకోవాలన్న ఆత్రం. దీనికి ముందే ఓవిడ్ ఒక చిన్న మాట అనేసి ఉంటాడు, చాలామంది గమనించరు. పాతాళంలో పిలవగానే యూరిడిసీ వస్తుంది కదా, కాటు గాయం ఇంకా మానలేదు కాబట్టి మెల్లగా నడుస్తూ వస్తుంది. ఆ మాట మనసులో పెట్టుకుని చివరి సీన్ చదవండి, నిటారు ఎత్తు, చీకటి, ఎక్కడా అలికిడి లేదు, వెనక వస్తున్న మనిషికి కాలు బాగోలేదు. చూడకుండా ఎలా ఉంటాడు? నాకు ఓవిడ్ ఎక్కువ నచ్చడానికి ఇదే కారణం. ఇతని యూరిడిసీ భర్తని ఒక్క మాట కూడా అనదు. తనని ప్రేమించాడన్నది తప్ప ఏమని ఫిర్యాదు చేస్తుంది అంటాడు కవి, ఆమె సెలవు అన్న మాట కూడా అతనికి సరిగ్గా వినపడదు.

తర్వాత వచ్చినవాళ్లు కొత్త కొత్త కారణాలు చెప్పారు. క్రీ.శ. 524 ప్రాంతంలో బొయేథియస్ అనే రోమన్ పండితుడు రాజద్రోహం నేరం మీద జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ ఒక పుస్తకం రాశాడు, అందులో ఆర్ఫియస్ కథని పూర్తిగా వేదాంతం చేసేశాడు: మనసుని వెలుగు వైపు నడిపించుకుంటున్నవాడు ఓడిపోయి మళ్లీ చీకటి వైపు చూస్తే అప్పటిదాకా సంపాదించింది పోతుందని. మధ్యయుగాల్లో యూరప్ అంతా ఈ అర్థాన్నే పట్టుకుంది. 1607లో ఇటలీ సంగీతకారుడు మాంటెవెర్డి కట్టిన ఒపెరాలో, అంటే మాటలు కూడా పాడే నాటకంలో, వెనకనుంచి ఏదో పెద్ద చప్పుడు వినపడుతుంది, ఎవరో ఆమెని లాక్కుపోతున్నారేమోనని తిరుగుతాడు. 1762లో గ్లుక్ అనే సంగీతకారుడి ఒపెరాలో అసలు బలవంతం యూరిడిసీదే, అతను తన మొహం కూడా చూడట్లేదంటే ప్రేమ పోయిందనుకుని ఏడుస్తుంది, షరతు సంగతి ఆమెకి చెప్పకూడదు కాబట్టి అతను తట్టుకోలేక తిరుగుతాడు. 1858లో ఒఫెన్‌బాక్ రాసిన కామెడీ ఒపెరాలోనైతే భార్యాభర్తలకి ఒకళ్లంటే ఒకళ్లకి పడదు, లోకం ఏమనుకుంటుందో అని మాత్రమే అతను ఆమె కోసం వెళ్తాడు, దేవతల రాజు జూపిటర్ వెనకనుంచి పిడుగు వేస్తే ఉలిక్కిపడి తిరుగుతాడు.

కాబట్టి తమ్ముడూ, అసలు కారణం ఇదీ అని నేను ఒకటి చేతికిస్తే కథని చిన్నది చేసినట్టే. మీకు ఏ కారణం నిజమనిపిస్తుందో రాసి పంపండి, సంతోషంగా వేస్తాం.

మన ఆదిపర్వంలో రురుడు, ప్రమద్వరల కథ అచ్చు ఇలాగే ఉంటుంది. పాము కాటు, చనిపోయిన ప్రియురాలు, మళ్లీ బతికించుకోవడం. గ్రీకులు మన దగ్గర తీసుకున్నారా, మనం వాళ్ల దగ్గర తీసుకున్నామా?
— రిటైర్డ్ తెలుగు లెక్చరర్, తెనాలి

మాస్టారూ, ఈ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. నన్నయ గారి ఆదిపర్వంలో ఆ కథ ఉంది గానీ ఇప్పటివాళ్లలో చదివినవాళ్లు తక్కువ, అందుకని తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రమద్వర విశ్వావసుడనే గంధర్వుడికీ మేనకకీ పుట్టిన పిల్ల, స్థూలకేశుడనే ముని ఆశ్రమంలో పెరిగింది. రురుడికి ఆమెతో పెళ్లి కుదిరింది, ముహూర్తం దగ్గరపడింది. చెలికత్తెలతో ఆడుకుంటూ చూసుకోకుండా పామును తొక్కింది, కాటేసింది, ప్రాణం పోయింది. రురుడు అడవిలోకి పోయి ఏడుస్తుంటే దేవదూత వచ్చి నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె లేస్తుందన్నాడు. రురుడు ఒక్క క్షణం ఆలోచించకుండా ఇచ్చేశాడు, ఆమె నిద్ర లేచినట్టు లేచి కూర్చుంది.

ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు, నేను అటూ ఇటూ చెప్పను. జపాన్‌వాళ్ల 'కొజికి' అని క్రీ.శ. 712 నాటి గ్రంథం ఉంది, అందులో ఇజనాగి అనే దేవుడు చనిపోయిన భార్య ఇజనామి కోసం చీకటి లోకానికి వెళ్తాడు, నన్ను చూడకు అని ఆమె చెప్పినా దువ్వెన పన్ను వెలిగించి చూస్తాడు, కుళ్లిపోయిన శరీరం కనపడుతుంది. చనిపోయినవాళ్లని వెనక్కి తెచ్చుకోవాలన్న కోరిక ఎక్కడైనా ఉంటుంది, గడ్డిలో పాము కూడా ఎక్కడైనా ఉంటుంది.

నాకు పోలిక కంటే తేడా ఎక్కువ ఇష్టం. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'సింపోజియం'లో ఫీడ్రస్ అనే పాత్ర ఆర్ఫియస్‌ని గట్టిగా తప్పుపడుతుంది. దేవతలు అతనికి యూరిడిసీని ఇవ్వలేదు, ఆమె నీడని చూపించి పంపించేశారు, ఎందుకంటే అతను పాటగాడు, మెత్తటివాడు, ప్రేమ కోసం చావడానికి ధైర్యం లేక బతికుండగానే లోపలికి దూరే దారి చూసుకున్నాడు అంటాడు. పక్కనే ఆల్కెస్టిస్‌ని పొగుడుతాడు, ఆమె భర్తకి బదులు తను చనిపోయింది కాబట్టి దేవతలు మెచ్చి ప్రాణం తిరిగి ఇచ్చారని. ఇప్పుడు మన రురుణ్ణి అక్కడ నిలబెట్టండి. ప్లేటో పాత్ర అడిగిన ధర ఏదైతే ఉందో అది రురుడు చెల్లించాడు, సగం ఆయుష్షు లెక్కగట్టి ఇచ్చాడు, అందుకే అతనికి షరతు లేదు, వెనక్కి చూసినా ఎవరూ ఏమీ అనరు. సావిత్రి కూడా యముడితో మాటకి మాట చెప్పి నెగ్గుకొచ్చింది. ఆర్ఫియస్ దగ్గర పాట తప్ప ఇవ్వడానికి ఏమీ లేదు. పాట ఒక్కదానితో చావుని ఎంతదూరం వెనక్కి నెట్టగలం అన్నది వాళ్ల కథ, అందుకే దాన్ని కళాకారులు అంతగా సొంతం చేసుకున్నారనిపిస్తుంది.

తర్వాతి సంగతి కూడా చూడండి. రురుడు ప్రమద్వర బతికాక కూడా కోపం తీరక కర్ర పట్టుకుని కనపడిన పామునల్లా కొట్టి చంపుతూ తిరుగుతాడు, విషం లేని డుండుభం అనే పాము దొరికితే అది మాట్లాడి అహింస బోధిస్తుంది, జనమేజయుడి సర్పయాగం ప్రస్తావన అక్కడే వస్తుంది. అంటే భారతంలో ఈ ప్రేమకథ పెద్ద కథలోకి తీసుకెళ్లే దారి. గ్రీకు, రోమన్ కవుల దగ్గర మాత్రం ఆ దుఃఖం దగ్గరే కథ నిలబడిపోయింది. మీలాంటివాళ్లు ఎవరైనా ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి పెద్ద వ్యాసం రాయాలి మాస్టారూ, మా పేజీలు ఖాళీగానే ఉంచుతాం.

ఒపెరా అనే ప్రక్రియ ఆర్ఫియస్ కథతోనే మొదలైందని ఎక్కడో విన్నాను, నిజమేనా? కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి అర్థమయ్యేలా కొంచెం చెప్తారా?
— సంగీతం టీచర్, విజయనగరం

చాలావరకు నిజమేనండి. దానికి ముందు 1598లో 'డాఫ్నే' అని ఒకటి ఆడారు గానీ దాని సంగీతం చాలావరకు పోయింది. పూర్తిగా మిగిలినవాటిలో మొదటిది 1600 అక్టోబర్ 6న ఫ్లోరెన్స్‌లో, మెడిచి వంశం ఆడపిల్ల మరియాకి ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీతో పెళ్లి సంబరాల్లో ఆడిన 'యూరిడిచే'. సంగీతం జాకొపో పేరి, ఆర్ఫియస్ వేషం కట్టి పాడింది కూడా ఆయనే. పెళ్లింట్లో ఆడుతున్నారు కాబట్టి షరతూ లేదు, వెనక్కి చూడటమూ లేదు, భార్యని తీసుకుని హాయిగా ఇంటికొచ్చేస్తాడు.

ఈ కథే ఎందుకంటే, మాటలు కూడా పాటలా పాడే నాటకం అప్పటికి వాళ్లకి కొత్త. మన దగ్గర యక్షగానాలు, కూచిపూడి భాగవతులు చూసిన కళ్లకి అందులో వింతేం ఉండదు గానీ, మామూలు మనిషి మాట్లాడాల్సినచోట పాడతాడేంటి అని అక్కడి ప్రేక్షకుడు అనుకునే ప్రమాదం ఉంది. హీరోనే గాయకుడైతే ఆ గొడవ లేదు.

కానీ నిజంగా గొప్పది 1607 ఫిబ్రవరి 24న మాంటువా ఊళ్లో ఆడిన మాంటెవెర్డి 'ఓర్ఫెయో'. మూడో అంకంలో ఆర్ఫియస్ పాతాళం నది దగ్గర పడవవాడు కేరన్‌ని బతిమాలుతూ ఒక పెద్ద పాట పాడతాడు. మీకు ఇది తప్పకుండా నచ్చుతుంది: అచ్చైన స్కోరులో, అంటే స్వరాలు రాసిన పుస్తకంలో, ఆ పాటకి గాత్రం రెండు లైన్లుగా ఉంటుంది, ఒకటి సాదా స్వరం, దాని కిందే అలంకారాలన్నీ విప్పి రాసిన లైను. మనవాళ్లు సంగతులు గురుముఖంగా నేర్పేదాన్ని ఆయన కాగితం మీద పెట్టాడన్నమాట. అంత విద్వత్తు చూపించినా కేరన్ మనసు కరగదు, బాగుంది నాయనా అంటాడు గానీ పడవ ఎక్కించుకోడు. చివరికి వాడు నిద్రలోకి జారుకుంటే ఆర్ఫియస్ పడవ తీసుకుని దాటేస్తాడు. ముగింపు కూడా రెండు రకాలు, 1607 నాటకం పాఠంలో భక్తురాళ్లు కోపంతో మీద పడే దగ్గర ఆగుతుంది, 1609లో స్కోరు అచ్చైనప్పుడు తండ్రి అపొలో దిగొచ్చి కొడుకుని స్వర్గానికి తీసుకెళ్తాడు.

గ్లుక్‌ది 1762 అక్టోబర్ 5న వియన్నాలో ఆడారు. ఇందులో యూరిడిసీ రెండోసారి చనిపోయాక ఆర్ఫియస్ పాడే 'కే ఫరో సెంజా యూరిడిచే' అన్న పాట యూట్యూబ్‌లో వినండి, యూరిడిసీ లేకుండా నేనేం చేసేది అని అర్థం. అంత ఏడుపు పాటా మేజర్ స్కేల్‌లో ఉంటుంది, అంటే మన శంకరాభరణం స్వరాలే. మన లెక్కలో ఏ శుభపంతువరాళిలోనో ముఖారిలోనో ఉండాలి అనిపిస్తుంది కదా. పందొమ్మిదో శతాబ్దంలో హాన్స్‌లిక్ అనే విమర్శకుడు దీన్నే పట్టుకుని, ఇదే ట్యూన్‌కి యూరిడిసీ దొరికింది అని సంతోషం మాటలు పెట్టినా సరిపోతుంది చూడండి, సంగీతంలో భావం మనం అనుకున్నంత స్థిరంగా ఉండదు అని వాదించాడు. నేను ఒప్పుకోను. ఏడవడానికి కూడా ఓపిక లేని స్థితిలో మనిషి గొంతు అలాగే తేటగా వస్తుంది, విని మీరు చెప్పండి.

ఒఫెన్‌బాక్ కామెడీ గురించి పైన చెప్పాను కదా, దాని చివర్లో దేవతలంతా పాతాళంలో గెంతులేసే ట్యూన్ ఒకటుంది, తర్వాత కాలంలో క్యాన్‌క్యాన్ డాన్స్‌కి వాడింది అదే. ఆ పేరు వినకపోయినా ట్యూన్ మీ చెవిన పడే ఉంటుంది, కార్టూన్లలో, యాడ్స్‌లో తెగ వాడేశారు.

మా అమ్మాయితో కలిసి న్యూయార్క్‌లో 'హేడ్స్‌టౌన్' అనే మ్యూజికల్ చూశాను, ఆర్ఫియస్ కథే. బయటికొచ్చాక అమ్మాయి ఒకటే అడిగింది, అమ్మా, యూరిడిసీకి వెనక్కి రావాలని ఉందో లేదో ఎవరైనా అడిగారా అని. నాకు జవాబు తోచలేదు.
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా, మీ అమ్మాయి అడిగింది గత నూట ఇరవై ఏళ్లుగా మంచి మంచి కవులంతా అడుగుతున్న ప్రశ్నే. మీరు చూసిన ఆ నాటకం అనాయిస్ మిచెల్ రాసింది, 2006లో వెర్మాంట్‌లో చిన్నగా మొదలై 2019లో బ్రాడ్‌వేకి వచ్చి అమెరికా నాటకరంగంలో పెద్దవైన టోనీ అవార్డులు ఎనిమిది తెచ్చుకుంది. అందులో పాము కాటు బదులు ఆకలి ఉంది, చలికాలంలో తిండి లేక యూరిడిసీ తనంతట తనే హేడిస్ ఫ్యాక్టరీ ఊరికి సంతకం పెట్టి వెళ్తుంది. ఆమెకి ఒక నిర్ణయం అంటూ ఇచ్చారంటే అది కూడా ఈ నూరేళ్ల మార్పే.

మొదట పెద్ద మలుపు తిప్పింది జర్మన్ భాషలో రాసిన కవి రిల్కే. ఏథెన్స్ శిల్పులు చెక్కిన ఒక పాత రిలీఫ్, అంటే రాతిపలక మీద ఉబ్బెత్తుగా చెక్కిన బొమ్మ, ఉంది, అసలుది పోయి రోమన్ కాలం నకళ్లు నేపుల్స్ మ్యూజియంలో, పారిస్ లూవ్ర్ మ్యూజియంలో మిగిలాయి. ముగ్గురు మనుషులు నిలబడి ఉంటారు, ఆర్ఫియస్ అప్పుడే తిరిగాడు, యూరిడిసీ అతని భుజం మీద చెయ్యి వేసింది, పక్కనున్న హెర్మీస్ దేవుడు ఆమె రెండో చెయ్యి మెల్లగా పట్టుకున్నాడు, వెళ్దామా అన్నట్టు. ఆ ముగ్గురి పేర్లనే టైటిల్‌గా పెట్టి రిల్కే 1904లో ఒక కవిత రాశాడు. ఆర్ఫియస్ ముందు ఆత్రంగా నడుస్తుంటాడు, యూరిడిసీ మాత్రం తన చావులో తను నిండిపోయి, తొందర లేకుండా, ఎవరి భార్యా కాకుండా నడుస్తుంటుంది. హెర్మీస్ బాధగా, అతను వెనక్కి తిరిగాడు అంటాడు. ఆమె అర్థం కాక ఒకే ఒక్క మాట అంటుంది, ఎవరు? అని. ఆ ఒక్క మాట చదివాక వర్జిల్, ఓవిడ్ కూడా వేరేగా కనపడతారు. 1922 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లో ఇదే రిల్కే కొద్ది రోజుల్లోనే ఆర్ఫియస్ మీద సానెట్లు అనే పద్నాలుగు లైన్ల కవితల వరద పారించాడు, మొత్తం 55, పందొమ్మిదేళ్లకే చనిపోయిన ఒక డాన్సర్ అమ్మాయి జ్ఞాపకంగా.

1917లో అమెరికన్ కవయిత్రి హెచ్.డి. యూరిడిసీ గొంతుతోనే రాసింది, అందులో ఆమెకి మండిపోతుంది, నీ అహంకారం వల్ల నేను రెండోసారి ఇక్కడ పడ్డాను, నన్ను వదిలేసినా బావుండేది అంటుంది. 1999లో కారల్ ఆన్ డఫీ ఇంకో అడుగు ముందుకేసింది. ఆమె యూరిడిసీకి తిరిగి రావడం అసలే ఇష్టం లేదు, మొగుడి కవితల్లో బొమ్మగా బతకడం కంటే ఆ నిశ్శబ్దమే బావుందనుకుంటుంది, దారిలో అతన్ని ఎలాగైనా తిప్పాలని ఆలోచించి చివరికి నీ కవిత అద్భుతం, ఇంకోసారి వినాలనుంది అంటుంది, అతను మురిసిపోయి తిరుగుతాడు. సారా రూల్ అనే నాటక రచయిత్రి 2003లో రాసిన నాటకంలో యూరిడిసీ పాతాళంలో చనిపోయిన నాన్నని కలుసుకుంటుంది, పైకి వెళ్తే నాన్న మళ్లీ దూరమైపోతాడు, ఆమే భర్తని పేరు పెట్టి పిలుస్తుంది. ఇది ఇక్కడ చెప్పేసినందుకు కొంచెం బాధగా ఉంది, చూసి తెలుసుకోవాల్సిన సీన్ అది.

ఇక 2019లో వచ్చిన సెలీన్ సియామా ఫ్రెంచ్ సినిమా 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్'. అందులో ముగ్గురు అమ్మాయిలు రాత్రిపూట వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఓవిడ్ చదువుతారు, ఎందుకు చూశాడని వాదించుకుంటారు. ఒకమ్మాయికి మీ కరీంనగర్ తమ్ముడిలాగే కోపం వస్తుంది. ఇంకొకామె అంటుంది, అతను ప్రేమికుడిగా కాకుండా కవిగా నిర్ణయం తీసుకున్నాడు, మనిషిని వదిలి జ్ఞాపకాన్ని ఎంచుకున్నాడు అని. మరొకామె, ఏమో, ఆమే తిరుగు అని ఉండొచ్చు కదా అంటుంది. ఈ సినిమా మీ అమ్మాయితో కూర్చుని చూడండి, ఆమె ప్రశ్నకి నాకంటే బాగా జవాబు చెప్తుంది.

లోతు భార్య వెనక్కి చూసి ఉప్పు స్తంభం అయిపోయింది కదా బైబిల్లో. రెండూ ఒకటేనా?
— నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

చూడొద్దన్న మాట వరకు ఒకటే, మిగతాది వేరు. అక్కడ శిక్ష చూసినావిడకే పడింది, ఇక్కడ చూసింది ఒకరు, పోయింది ఇంకొకరు. నాకు ఆర్ఫియస్ కథలో బాగా నొప్పి పుట్టించేది అదే. ఇంకో సంగతి, తొలినాటి క్రైస్తవులకి ఆర్ఫియస్ పరాయివాడు కాదు, రోమ్‌లో భూమి కింద సమాధి గుహలున్నాయి, వాటి గోడల మీద గొర్రెల మధ్య, మృగాల మధ్య కూర్చుని పాడుతున్న ఆర్ఫియస్ బొమ్మలు వేశారు, చావులోంచి మనుషుల్ని పిలుచుకునే క్రీస్తుకి గుర్తుగా.

పాత కథల్లో ఎక్కడైనా యూరిడిసీ నిజంగా తిరిగొచ్చిందా? సుఖాంతం కావాలి.
— ఒక పాఠకుడు, నంద్యాల

ఉంది. 'సర్ ఓర్ఫెయో' అని మధ్యయుగాల నాటి ఇంగ్లీషులో ఒక కథాకావ్యం, ఎడిన్‌బరోలో నేషనల్ లైబ్రరీలో ఉన్న 1330ల నాటి చేతిరాత ప్రతిలో దొరుకుతుంది. దాంట్లో ఆర్ఫియస్ ఒక ఇంగ్లీషు రాజు, థ్రేస్ అంటే వించెస్టర్‌కే పాత పేరు అని కవి ధీమాగా చెప్పేస్తాడు. రాణి మధ్యాహ్నం చెట్టు కింద నిద్రపోతే యక్షుల రాజులాంటివాడు వచ్చి ఎత్తుకుపోతాడు, రాజు రాజ్యం వదిలి పదేళ్లు అడవిలో హార్ప్ వాయించుకుంటూ తిరిగి, చివరికి వాళ్ల కోటలో పాడి ఆమెని తెచ్చుకుంటాడు. షరతు లేదు. ఇంటికొచ్చాక రాజ్యం అప్పగించిన మంత్రి నమ్మకస్తుడో కాదో బిచ్చగాడి వేషంలో పరీక్షిస్తాడు, అతను నిఖార్సయిన మనిషని తేలుతుంది. చదువుతుంటే మన కాశీమజిలీ కథల రుచి తగిలింది నాకు.

ఓవిడ్ దగ్గర కూడా ఒక ఊరట ఉంది, పదకొండో పుస్తకం మొదట్లో. ఆర్ఫియస్ చనిపోయి తనూ అదే లోకానికి చేరాక ఇద్దరూ కలిసి నడుస్తుంటారు, ఒకసారి పక్కపక్కన, ఒకసారి ఆమె ముందు, ఒకసారి అతను ముందు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకున్నా ఏ భయమూ లేదు.

పెయింటర్లు ఈ కథలో ఏ సీన్‌ని ఎక్కువ వేశారు? మన దేశంలో ఎక్కడైనా ఆర్ఫియస్ బొమ్మ ఉందా?
— బి.ఎఫ్.ఏ. విద్యార్థి, హైదరాబాద్

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది మీరు రైలెక్కి చూసి రావచ్చు. ఢిల్లీ ఎర్రకోటలో దివాన్-ఇ-ఆమ్, షాజహాన్ సింహాసనం ఉండే పాలరాతి మంటపం వెనక గోడ చూడండి. నల్లరాతి పలకల్లో రంగురాళ్లు పొదిగిన పువ్వులు, పక్షులు కనపడతాయి, వాటికి పైన మధ్యలో చిన్న పలక మీద ఒక యువకుడు చెట్టు కింద కూర్చుని ఫిడేలులాంటిది వాయిస్తుంటాడు, చుట్టూ జంతువులు కూర్చుని వింటుంటాయి. అతనే ఆర్ఫియస్. ఇటలీ ఫ్లోరెన్స్ పనితనం అది. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ పలక ఊడబెరికి లండన్ తీసుకెళ్లారు, కర్జన్ వైస్రాయ్‌గా ఉన్న రోజుల్లో తిరిగొచ్చింది. మొఘల్ చక్రవర్తి వెనక గ్రీకు గాయకుడికేం పని అంటే, పులీ మేకా కలిసి కూర్చునే న్యాయమైన రాజ్యానికి, సొలొమన్ సింహాసనానికి గుర్తుగా పెట్టుకున్నాడని చరిత్రకారుల వాదన ఒకటి ఉంది, నాకది సబబుగానే తోస్తుంది. పలక చిన్నది, ఎత్తులో ఉంటుంది, కెమెరా జూమ్ లేకపోతే కష్టం.

మొదటి ప్రశ్నకి: రోమన్ కాలం నేలమొజాయిక్‌ల నుంచీ జంతువుల మధ్య పాడే సీనే ఎక్కువ, చూడటానికి నిండుగా ఉంటుంది, గొడవ లేదు. వెనక్కి తిరిగే క్షణం వేయడం చాలా కష్టం, ఎందుకంటే అందులో కదలిక, చీకటి, ఆలస్యం మూడూ ఉండాలి. తెలివైనవాళ్లు దాన్ని తప్పించి ముందో వెనకో వేశారు. ఫ్రెంచ్ పెయింటర్ పూసాన్ 1650 ప్రాంతంలో వేసిన లాండ్‌స్కేప్ లూవ్ర్‌లో ఉంది, ఎండ కాస్తోంది, ఆర్ఫియస్ పాడుతున్నాడు, జనం వింటున్నారు, యూరిడిసీ ఒక్కతే పామును చూసి ఉలిక్కిపడింది, ఇంకా ఎవరికీ తెలీదు. దూరంగా కోటలోంచి పొగ లేస్తుంటుంది. కోరో 1861లో వేసినదాంట్లో మంచు కమ్మిన చెట్ల మధ్య ఆమె చెయ్యి పట్టుకుని లైర్ ముందుకు చాచి నడిపిస్తుంటాడు, ఇంకా ఆశ ఉన్న క్షణం. గుస్తావ్ మొరో 1865లో చివరికి వెళ్లిపోయాడు, ఒక థ్రేస్ అమ్మాయి తెగిన తలని లైర్ మీద పెట్టుకుని దాని మొహంలోకి చూస్తుంటుంది, ఇద్దరి కళ్లూ మూసినట్టే ఉంటాయి. మీరు బొమ్మలేసేవాళ్లు కాబట్టి ఈ మూడూ ప్రింట్లు తీసి గోడకి అంటించుకోండి, కథలో ఏ క్షణం దగ్గర ఆగాలో పూసాన్ నేర్పినట్టు ఇంకెవరూ నేర్పరు.

ఇవన్నీ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

ఓవిడ్ పదో పుస్తకం మొదటి ఎనభై అయిదు లైన్లు, ఇంగ్లీషు అనువాదాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అరగంట పని. వెంటనే వర్జిల్ నాలుగో పుస్తకం చివరి భాగం, ఆ రెంటికీ తేడా మీరే పట్టుకోండి. తర్వాత రిల్కే 1904 కవిత. సినిమా కావాలంటే ముందు 1959 నాటి 'బ్లాక్ ఆర్ఫియస్' చూడండి, రియో కార్నివాల్‌లో జరుగుతుంది, ఆర్ఫియస్ ట్రామ్ కండక్టరు, తను గిటార్ వాయిస్తేనే సూర్యుడు లేస్తాడని పేటలో పిల్లలు నమ్ముతుంటారు. ఆ తర్వాత కాక్టో 1950లో తీసిన 'ఓర్ఫే', అందులో యూరిడిసీ బతికొచ్చాక కూడా ఆమె మొహం చూడకూడదన్న షరతు ఇంట్లో కొనసాగుతుంది, చివరికి కారు అద్దంలో కనపడిపోతుంది. ప్లేటోని మాత్రం చివర్లో చదవండి, ముందే చదివితే ఆర్ఫియస్ మీద జాలి తగ్గిపోతుంది.